కింది అరలోని రైఫిల్

ఆదివారం చర్చి వదిలాక పాత సున్నపురాయి క్వారీలోకి బండ్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. డోరీన్ తన పికప్ వెనక తలుపు దించి రైఫిల్ సంచీ జిప్పు లాగిందో లేదో, పక్క బండి దగ్గరి నుంచి లానీ అందుకున్నాడు.

"వచ్చిందండీ ప్లాస్టిక్ పిల్ల! ఏం డోరీన్, పొద్దున్నే పాలు పట్టించావా దానికి?"

"నీదానికి పట్టించినవే దీనికీ పట్టించాను. రెండూ కవలలేగా," అంది డోరీన్.

లానీ పగలబడి నవ్వాడు. ఇళ్ళకు కప్పులు వేయడం అతని పని. మంచు పడితే ఆ పనీ ఉండదు. అతని రైఫిల్ కూడా అదే రకం, ప్లాస్టిక్ పిడిది. ఊళ్ళో తుపాకుల కొట్టులో గోడ నిండా రైఫిళ్ళు వేలాడుతుంటాయి. పై వరసల వాటికి పేర్లుంటాయి, వాటి గురించి చెప్పుకునే కథలుంటాయి. కింది అరలో ఉండేవాటికి ధర చీటీ తప్ప ఇంకేమీ ఉండదు. కోళ్ళ ఫ్యాక్టరీలో వేసవంతా ఓవర్‌టైం చేసి డోరీన్ ఆ కింది అరలోంచే ఒకటి తెచ్చుకుంది.

ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే ఒకరికి కొయోటీ నక్కల బెడద అని చెప్పేది, ఇంకొకరికి ఒంటరి ఇల్లు కదా అనేది. అసలు సంగతి చెప్పడానికి ఆమెకు సిగ్గు. కాలుస్తుంటే బాగుంటుంది, అంతే. పొద్దస్తమానం కోడి తొడల్లోంచి ఎముక లాగీ లాగీ ఆమె వేళ్ళు సగం మొద్దుబారిపోయాయి. పెద్ద తుపాకీ తన్నిందంటే మణికట్టు వారమంతా సలిపేది. ఇది తన్నదు, భుజం మీద తట్టి ఊరుకుంటుంది. మీట నొక్కితే ఒకటి పేలుతుంది, ఖాళీ ఇత్తడి తొడుగు పక్కకు ఎగిరిపడుతుంది, తరవాతి తూటా తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ నొక్కాలి. నొక్కడానికి ముందు ఊపిరి సగం వదిలి ఆపే పద్ధతి ఒకటుంది. అది కుదిరిన క్షణంలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు లేడు, మణికట్టు లేదు, రేపు లేదు. ఈమధ్య అది తరచూ కుదురుతోంది. ఖరీదైన దుర్భిణీలు బిగించుకుని వచ్చే మగవాళ్ళ కన్నా ఆమె గురి కాగితం మీద చిల్లులే దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఆ సంగతి గిట్టనివాళ్ళు ఆ కాల్పుల క్లబ్బులో లేకపోలేదు.

ఆ ఊపిరి పద్ధతి నేర్పింది వెండెల్. డెబ్భై దాటిన మనిషి. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ కాల్పుల లైన్ మీద అధికారి ఆయనే. నారింజ రంగు చొక్కా, మెడలో ఈల. రేకుల కప్పు కింద వరసగా బల్లలు, వాటి వెనక నేల మీద పసుపు గీత. ప్రతి ఆదివారం ఆ గీత మీద నిలబడి ఆయన చెప్పే మాటలు అందరికీ కంఠతా వచ్చు.

"ఒక విడత అయిపోయాక తూటాల మ్యాగజైన్ తీసేయాలి, రైఫిల్ తలుపు వెనక్కి లాగి తెరిచే ఉంచాలి, గీత వెనక్కి రావాలి. నేను తూటా కూర్చునే ఒక్కో గదిలోకి చూసి 'ఖాళీ' అంటాను. అన్నీ చూశాకే 'లైన్ క్లియర్' అంటాను. ఆ మాట వినకుండా ఎవరైనా కాగితాలు తేవడానికి అటు అడుగేశారో, ఇంటికి పంపించేస్తాను. ఇక రెండో సంగతి. 'ఆపండి' అనే మాట ఇక్కడ ఎవడి సొత్తూ కాదు. ఎవరైనా అరవచ్చు. వినబడగానే మీట మీంచి వేలు తీసేయండి. ఎందుకని తరవాత అడుగుదురు గాని."

ఆవేళ పందెంలో మూడు చోట్ల నిలబడి కాల్చాలి, చోటుకో మ్యాగజైన్. డోరీన్‌కున్న మూడింటిలో ఒకదాని స్ప్రింగు పోయింది. అట్టపెట్టెలో వెతుకుతుంటే వెండెల్ వచ్చాడు.

"ఏం పోయిందమ్మాయ్?"

"మూడోది మొండికేసిందండీ."

"నాది పట్టుకెళ్ళు. నిండుగా ఉంది." తన చెక్కపెట్టెలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. దాని అడుగున నీలం టేపు చుట్టి ఉంది.

వెండెల్‌కు రెండు రైఫిళ్ళున్నాయి. ఒకటి పై వరస రకమే గాని, డోరీన్ దానిలాగే సన్న గుండు వాడేది. రెండోది దుప్పి వేటకు, లావు గుండుది. చిక్కేమిటంటే రెండు రకాల తూటాలకూ అడుగుభాగం ఒక్కటే, ఒకే మ్యాగజైన్‌లో రెండూ ఇముడుతాయి. పైగా వెండెల్ లావు తూటాలు తనే తయారు చేసుకుంటాడు. లైన్ మీద ఎవరో వదిలేసిన సన్న తూటాల తొడుగులు ఏరుకుపోయి, మెడలు కోసి, లావు గుండు దిగేసి కొత్తవి చేస్తాడు. అడుగున ముద్ర మాత్రం పాతదే ఉండిపోతుంది. అందుకే టేపు. నీలం అంటే సన్నవి, ఎరుపు అంటే లావువి. నీలం చూసి డోరీన్ ఇంకేమీ చూడలేదు.

మూడో చోట ఆ మ్యాగజైన్ ఎక్కించి తలుపు వదిలింది. పూర్తిగా మూసుకోలేదనిపించింది. వెనక పక్కనున్న బుడిపె మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. దుమ్ము పట్టినప్పుడు అందరూ చేసేదే. తలుపు మూసుకుంది. ఊపిరి సగం వదిలింది, ఆపింది, నొక్కింది.

చప్పుడు ఎప్పటిలా లేదు. ముఖం మీదికి వేడిగా ఏదో కొట్టింది. మ్యాగజైన్ కింద నుంచి ఊడి ముక్కలై కాళ్ళ దగ్గర పడింది. రైఫిల్ నడుము ఉబ్బి చీలిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుంది గనక కళ్ళు దక్కాయి. ఎడమ అరచేతిలోంచి నెత్తురు కారుతోంది.

అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది వెండెలే. తన నారింజ చొక్కా విప్పి ఆమె చేతికి గట్టిగా చుట్టాడు. "నన్ను చూడు. నన్నే చూడు. ఏం కాలేదు," అంటూ ఆసుపత్రి దాకా బండిలో ఆమె పక్కనే కూర్చున్నాడు.

వెళ్తూ వెళ్తూ డోరీన్ చెవిన పడింది రాయ్స్ గొంతు. ట్రాక్టర్ల షోరూము రాయ్స్ క్లబ్బుకు కార్యదర్శి. "చవక సరుకు అంతే మరి. ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాను, విన్నారా?"

*

సోమవారం చేతికి కట్టుతో కత్తి పని చేయలేక డోరీన్ డబ్బాలకు చీటీలు అంటించే చోట నిలబడింది. సాయంత్రం పికప్ తిన్నగా చెల్లెలి ఇంటికి పోనిచ్చింది. చెల్లెలి మొగుడు ఆర్లిస్ అదే ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేస్తాడు. గ్యారేజీలో చీలిన రైఫిల్‌ను చూసి ఈల వేశాడు.

"ఇదింక పనికిరాదు వదినా."

"పనికిరాదని నాకూ తెలుసు. ఎందుకు పేలిందో చూడు."

ఆర్లిస్ గొట్టాన్ని ఊడదీసి పట్టకారులో బిగించాడు. మూతి వైపు నుంచి ఉక్కు కడ్డీ దూర్చాడు. అది కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. నూనె పోశాడు. సుత్తితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. డోరీన్ కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని నిలబడింది. కొట్టినప్పుడల్లా అరచేతిలో కుట్లు కూడా జివ్వుమంటున్నాయి. చివరికి ఏదో కదిలి టప్పున బల్ల మీద పడింది.

రాగి రంగు గుండు. సన్నగా సాగిపోయి, పక్కలంతా గీతలు పడి ఉంది. వెనక భాగం మాత్రం ఇంకా తన అసలు లావులోనే ఉంది.

ఆర్లిస్ దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. "ఇది నీ రైఫిల్ తినే తిండి కాదు. లావుది. సన్న గొట్టంలో దూరబోయి ఇరుక్కుంది. గొట్టం చూడు, ఇంత జరిగినా పగల్లేదు. ముందుకి పోవాల్సిన పేలుడు కిందికీ పక్కకీ పోయింది. ఇదే నిజంగా పనికిమాలిన ఇనుమైతే ఇవాళ మేం నీ సమాధికి పూలు పట్టుకొచ్చేవాళ్ళం."

డోరీన్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది.

"ఎవరిదా మ్యాగజైన్?"

"గుర్తు లేదు."

"గుర్తు లేదా? పోయినేడు నా దగ్గర తీసుకున్న స్క్రూడ్రైవరు ఏ రంగుదో చెప్పేదానివి నువ్వు."

"గుర్తు లేదన్నానా!" అని కసురుకుని గుండును కోటు జేబులో వేసుకుంది.

ఇంటికి వస్తుంటే ఆమెకు మొదట కలిగింది కోపం కాదు, సంతోషం. తన రైఫిల్ మంచిదే. తనూ తప్పు చేయలేదు. ఆ సంతోషం ఇంటి మలుపు దాకా కూడా నిలవలేదు. తన తప్పు కాకపోతే మరి ఎవరిదో ఆమెకు తెలుసు.

*

మంగళవారం షిఫ్టు దిగాక వెండెల్ ఇంటికి వెళ్ళింది. చెప్పేయాలనే వెళ్ళింది. పెరట్లో షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. వెనక కిటికీలోంచి పశ్చిమపు ఎండ లోపల పడుతోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. బల్ల దగ్గర కూర్చున్న వెండెల్ తలెత్తి ఆమె వైపే చూశాడు.

"ఎవరది?"

"నేనేనండీ, డోరీన్‌ని."

"ఓ! రా అమ్మాయ్, రా. ఎండ కళ్ళలో కొడుతోంది." ఎండ ఆయన వీపు మీద పడుతోంది. "చేయి ఎలా ఉంది? స్టవ్ మీద చిక్కుడుగింజల పులుసుంది, మొక్కజొన్న రొట్టె ఉంది. తిని వెళ్ళు."

ఆయన ముందు రెండు డబ్బాలు, మధ్యలో ఒక గుడ్డ మీద కలగాపులగంగా తూటాలు. వెండెల్ ఒకటి తీసి వేళ్ళ మధ్య దొర్లించాడు. తరవాత మాట్లాడుతూనే దాన్ని పైకెత్తి, మొనను కింది పెదవికి ఆనించి, ఒక్క క్షణం ఉంచి, కుడి డబ్బాలో వేశాడు. ఇంకొకటి తీశాడు. పెదవికి ఆనించాడు. ఎడమ డబ్బాలో వేశాడు.

డోరీన్ ఆ పెదవి వైపే చూస్తుండిపోయింది. ఫ్యాక్టరీలో తన పక్కన నిలబడే ముసలామె వేళ్ళకు స్పర్శ పూర్తిగా పోయాక, తొడలో ఎముక ముక్క మిగిలిందేమోనని దాన్ని మణికట్టు లోపలి వైపుకు రాసి చూసుకునేది. వేళ్ళు పోయిన మనిషి ఇంకో చోటు వెతుక్కుంటుంది. కానీ ఆమెకు కళ్ళున్నాయి.

"మీ కళ్ళు ఎలా ఉన్నాయండీ?"

ఆయన చేయి ఆగింది. "కళ్ళకేం? షుగరు గదా, డాక్టరు సూదులు వేస్తున్నాడు. బాగానే ఉన్నాయి."

"వేళ్ళు?"

"చలికి." కొంచెం చురుగ్గా అన్నాడు. "ఏం, నువ్వెప్పుడు డాక్టరువయ్యావ్?"

"ఊరికే అడిగాను."

"నీ రైఫిల్ గురించి నాకెంత బాధగా ఉందో. తప్పు నీది కాదమ్మాయ్. నువ్వు చేయాల్సినవన్నీ సరిగ్గా చేశావు, నేను చూస్తూనే ఉన్నాను. ఆ సరుకే అంత. రాయ్స్ నోరు మంచిది కాదు గానీ ఈసారి వాడి మాటే నిజమైంది." ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ సరుకు మాట అబద్ధమని ఆయనకు తెలియదు.

డోరీన్ జేబులో చేయి పెట్టింది. గుండు వేళ్ళకు చల్లగా తగిలింది.

"చెప్తే నవ్వుతావు," అన్నాడు వెండెల్, ఇంకో తూటా అందుకుంటూ. "మా ఆవిడ ఓపల్ పోయాక నాకు వారంలో ఒకటే రోజు మిగిలింది. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఆదివారం కోసం కూర్చోవడమే. అదీ లేకపోతే ఈ కుర్చీలోనే ఎండిపోయేవాణ్ణి."

ఆమె పులుసు తింది, రొట్టె తింది, గిన్నెలు కడిగిపెట్టింది. గుండు జేబులోనే ఉండిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఎవరి మ్యాగజైనూ తీసుకోకపోతే సరిపోతుందని తనకు తాను చెప్పుకుంది. ఇనుముకు పరువేముంది, నాలుగు మాటలు పడితే పడుతుంది అనుకుంది. ఆ మాటలు పడేది ఇనుము కాదని మరునాడే తెలిసొచ్చింది.

*

బుధవారం అగ్నిమాపక కేంద్రంలో మడత కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. రాయ్స్ లేచి నిలబడి, ఫలానా రకం చవక రైఫిళ్ళు ఇకపై పందెంలో ఉండరాదని ప్రతిపాదించాడు.

"ఎవరినీ వేలెత్తి చూపడం లేదు," అన్నాడు డోరీన్ వైపు చూస్తూ. "కానీ సరుకు చవకైతే పట్టే మనిషి జాగ్రత్తగా ఉండాలి. నూనె పెట్టాలి, శుభ్రం చేయాలి. సోమవారం నుంచి శనివారం దాకా కోళ్ళ వెంట ఉండి, ఆదివారం తుపాకీ పట్టుకుంటే ఎట్లా?"

ఎవరో కిసుక్కుమన్నారు. డోరీన్ ముఖం మండిపోయింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి రైఫిల్ విప్పుతుంది. తలుపు మూలల్లోని మసిని చెవులు తుడిచే పుల్లలతో తీస్తుంది. జేబులోని గుండు తీసి ఆ మనిషి ముఖాన కొట్టాలనిపించింది. ముందు వరసలో వెండెల్ తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన బట్టతల మీద దీపం మెరుస్తోంది.

"డోరీన్, ఏమైనా చెప్తావా?" అన్నాడు రాయ్స్.

"ఏం లేదు."

చేతులు లేచాయి. వెండెల్ చేయి అందరికన్నా ఆలస్యంగా లేచింది, కానీ లేచింది.

బయట లానీ ఆమె బండికి అడ్డం నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు. "నీ పుణ్యమా అని నాదీ మూలపడింది. ఇంకోటి కొనమంటాడు రాయ్స్. ఎక్కణ్ణుంచి తెచ్చి కొననూ? అంత జరిగితే ఒక్క మాట అడగవేం? దేనివల్ల పేలిందో చూపించండిరా అనవేం? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు."

"తప్పుకో లానీ."

"తప్పుకుంటాలే. వెండెల్ గారు తన రైఫిల్ ఇస్తానన్నారు ఆదివారానికి. మందుగుండు కూడా ఆయనే పెడతారట. మనిషంటే అట్లా ఉండాలి."

*

శుక్ర, శనివారాలు ఆమె నోటికి తిండి సయించలేదు. లానీకి ఫోన్ చేద్దామని తీసి పెట్టేసింది. ఏమని చెప్పాలి? ఆయన కళ్ళు కనిపించవని చెప్పాలి. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకునే మాట కాదది. వెండెల్ పెదవి తప్పదు, మంగళవారం తను చూసింది, అన్నీ సరిగ్గానే వేశాడు అని సర్దిచెప్పుకుంది. ఇంకో ఘడియకు ఆ సర్దుబాటు నిలిచేది కాదు.

ఆదివారం రైఫిల్ లేకుండానే క్వారీకి వెళ్ళింది. చేతి కట్టు చూసి స్కోరు రాసే పని అప్పగించారు. మొదటి విడత మామూలుగానే జరిగిపోయింది. వెండెల్ ఈల ఊదాడు. అందరూ మ్యాగజైన్లు తీసి గీత వెనక్కి వచ్చారు. ఆయన బల్ల వెంట బల్ల వంగి చూస్తూ "ఖాళీ, ఖాళీ" అంటూ సాగాడు. "లైన్ క్లియర్!" అన్నాడు. అందరూ కబుర్లాడుకుంటూ రైఫిళ్ళకు వీపు తిప్పి కాగితాల దగ్గరికి నడిచారు.

రెండో విడత లానీది. వెండెల్ తన బండి చాటుకు వెళ్ళి మ్యాగజైన్ నింపుతుంటే డోరీన్ పక్కనుంచి చూసింది. మొదటి తూటా పెదవికి ఆనింది. రెండోదీ ఆనింది. మూడోది కూడా. అంతలో రాయ్స్ కేకేశాడు, "వెండెల్, త్వరగా! చీకటి పడేదాకా ఉండాలా?" వెండెల్ తడబడ్డాడు. మిగిలినవి గుప్పెట్లోకి తీసుకుని, పెదవి దాకా పోనివ్వకుండా, ఒకదాని మీద ఒకటి గబగబా నొక్కేశాడు.

అది లానీ చేతికి వెళ్ళింది. లానీ మ్యాగజైన్ ఎక్కించాడు. తలుపు వదిలాడు. ఏదో నచ్చనట్టు తల పక్కకు వంచాడు. కుడిచేయి పైకి లేచింది, అరచేయి తెరుచుకుంది, బుడిపె మీద కొట్టడానికి.

"ఆపండి!"

ఆ గొంతు తనదేనని డోరీన్‌కు తెలియడానికి కాస్త సమయం పట్టింది. "ఆపండి! ఆపండి!"

లైన్ అంతా వేళ్ళు మీటల మీంచి తొలగాయి. లానీ చేయి గాల్లోనే ఆగింది.

"ఏంటి? ఏమైంది?" రాయ్స్ ముందుకొచ్చాడు. "స్కోరు రాసేవాళ్ళు కూడా పందెం ఆపేస్తే—"

"ఎందుకని తరవాత," వెండెల్ గద్దించాడు. "ముందు ఆపు. మ్యాగజైన్లు తీయండి. తలుపులు వెనక్కి." గొంతులో వణుకు లేదు. ఎప్పటిలాగే క్వారీ గోడకు తగిలి తిరిగొచ్చింది. అందరూ గీత వెనక్కి వచ్చాక ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పమ్మాయ్."

"ఆ మ్యాగజైన్ ఖాళీ చేసి చూడండి."

వెండెల్ ఏమీ అడగలేదు. లానీ బల్ల దగ్గరికి వెళ్ళి మ్యాగజైన్ అందుకుని, బొటనవేలితో ఒక్కొక్క తూటానే బయటికి తోశాడు. అవి చెక్క మీద దొర్లి గుంపుగా ఆగాయి. తలుపు లాగినప్పుడు గదిలోంచి ఊడిపడినది కూడా వాటి పక్కనే ఉంది. రేకుల అంచు దాటి వచ్చిన ఎండ సరిగ్గా వాటి మీద పడింది.

అన్నీ సన్నవే. అన్నీ ఉండాల్సినవే. గీత మీద నిలబడినవాళ్ళందరికీ అది కనిపిస్తూనే ఉంది. రాయ్స్ ముఖం మీద నవ్వు మొదలైంది. లానీ ఏదో అనబోయాడు.

వెండెల్ ఇంకా బల్ల మీదికి వంగే ఉన్నాడు. మెల్లగా అడిగాడు:

"ఇందులో లావువి ఎన్ని ఉన్నాయమ్మాయ్?"

రాయ్స్ నవ్వు సగంలోనే పోయింది. జవాబు రాకపోయేసరికి వెండెల్ ఒక తూటా తీసి, అందరి ముందూ, పెదవికి ఆనించాడు. పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. చివరిది కూడా ఆనించి చూశాక, "సన్నవే," అన్నాడు. బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. "అన్నీ సన్నవే."

"అది మాకు కనిపిస్తూనే ఉంది వెండెల్," అన్నాడు రాయ్స్. ఆ గొంతులో వెటకారం లేదు, భయం ఉంది.

డోరీన్ గీత దాటి వెళ్ళి, వారమంతా జేబులో మోసిన దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది నా రైఫిల్ గొట్టంలోంచి తీశారండీ. పోయిన ఆదివారం." ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "మంగళవారమే చెప్పాల్సింది. నోరు రాలేదు."

ఆయన దాన్ని కూడా పెదవి దగ్గరికి తీసుకెళ్ళాడు. సాగిన మొన వైపు మొదట, లావుగా మిగిలిన వెనక వైపు తరవాత. చాలాసేపు అక్కడే ఉంచాడు. చేయి దించినప్పుడు ఆయన ఒక్కసారిగా ముసలివాడయ్యాడు.

"నీలం టేపుదే ఇచ్చాను," అన్నాడు.

"నీలమే. లోపలివి వేరు."

"ఆమె రైఫిల్ మంచిదే, రాయ్స్." అందరికీ వినబడేట్టు అన్నాడు. "లానీది కూడా. బుధవారం నాటి తీర్మానం తీసెయ్."

రాయ్స్ తల ఊపాడు, కానీ అతని ఆలోచన ఇంకెక్కడో ఉంది. ఎదురుగా దూరాన కర్రలకు వేలాడుతున్న కాగితాలను చూశాడు. బల్లల మీది రైఫిళ్ళను చూశాడు. "వెండెల్, ఇందాక మేమంతా అటు వెళ్ళినప్పుడు... నువ్వు 'ఖాళీ' అన్నావే. ఒక్కో గదిలోకీ వంగి..."

వెండెల్ దాటేయలేదు.

"వంగేవాణ్ణి. లోపల చీకటి తప్ప కనిపించేది కాదు. మీరు తలుపులు లాగే చప్పుడు వినేవాణ్ణి. అందరివీ వినబడితే 'ఖాళీ' అనేవాణ్ణి."

"ఎప్పటి నుంచి?"

"ఈ వేసవి మొదలు."

ఆ వేసవంతా, ఆ తరవాతా, ప్రతి ఆదివారం వాళ్ళు ఆ ఒక్క మాట నమ్మి రైఫిళ్ళకు వీపు తిప్పి నడిచారు. లానీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన్ను ఎవరైనా ఒక మాట అని ఉంటే కాస్త తేలికగా ఉండేది.

వెండెల్ మెడలోంచి ఈల తీసి తూటాల పక్కన పెట్టాడు. తరవాత నారింజ చొక్కా బొత్తాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక బొత్తం దగ్గర వేళ్ళు జారిపోతుంటే డోరీన్ విప్పిపెట్టింది. ఆ చొక్కా అంచున ఆమె నెత్తుటి మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"లైన్ ఇంకా క్లియర్ కాలేదు," అన్నాడాయన. "రైఫిళ్ళు అలా వదిలేసి కబుర్లేమిటి? అమ్మాయ్, నువ్వు చూసి చెప్పు."

డోరీన్ మొదటి బల్ల దగ్గరికి వెళ్ళింది. వంగి, రైఫిల్ గదిలోకి చూసింది. వెలుతురుకు ఎదురుగా తిప్పి మళ్ళీ చూసింది. "ఖాళీ." తరవాతి బల్ల. "ఖాళీ." గట్టిగానే అంది. లానీ ముందున్న వెండెల్ రైఫిల్ దగ్గర ఎక్కువసేపు ఆగింది. అదీ ఖాళీయే. చివరి బల్ల చూసి గీత దగ్గరికి తిరిగొచ్చింది.

"లైన్ క్లియర్."

ఒక్కరూ కదల్లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట వినబడగానే నడిచిన కాళ్ళు ఇప్పుడు పసుపు గీతకు అతుక్కుపోయాయి. రాయ్స్ నేల చూపులు చూస్తున్నాడు.

వెండెల్ తల కాస్త వంచి, ఆ మాట మళ్ళీ వినబడుతుందేమోనన్నట్టు ఆగాడు. "క్లియరేనా అమ్మాయ్?"

"క్లియరేనండీ. నేను చూశాను."

ఆయన గీత దాటాడు. రైఫిళ్ళన్నిటికీ వీపు తిప్పి, తనకు కనిపించని కాగితాల వైపు, రాళ్ళను బూటు మొనతో తడుముకుంటూ నడవసాగాడు. ఆయన సగం దూరం వెళ్ళాక లానీ కదిలాడు, అతని వెనక రాయ్స్, తరవాత మిగతావాళ్ళు. డోరీన్ బల్లల దగ్గరే నిలబడి, ఆఖరి మనిషి తిరిగొచ్చేదాకా రైఫిళ్ళ మీంచి కళ్ళు తిప్పలేదు.